ఆటా, పోట్లాటా?

వేసవి సెలవులలో ఒక కుటుంబము ఊరికి పోవునపుడు తమ పెంపుడు కుక్కను బంధువుల ఇంట విడిచి వెళ్ళుట కలదు. ఆ ఇంట అప్పటికే మరియొక కుక్క ఉండవచ్చును. మొదటి రోజుననే ఆ రెండును ఒకదానిపై ఒకటి దూకును, మెడలు పట్టుకొనును, గుర్రుమనుచు నేలపై దొర్లును. కొందరు వెంటనే కర్ర తీసికొని పరుగెత్తుదురు. మరికొందరు ‘వాటి తగవు అవే తీర్చుకొనును’ అని ఊరకుందురు. ఈ రెండు పద్ధతులును సరియైనవి కావు. మొదటి దానివలన చక్కగా సాగుచున్న ఆట చెడును. రెండవ దానివలన ఒక్కొక్కప్పుడు కుక్క చెవి చిరుగును. విడదీయబోయిన మనిషి చేయి కోరల పాలగును. కావున ఆటకును పోట్లాటకును గల భేదమును తెలిసికొనుట అవసరము.

చేష్టలు ఒక్కటే, అర్థములు వేరు

తరుముట, మీదపడుట, కరచుట, క్రిందికి అదిమిపట్టుట - ఇవి వేటలోను పోట్లాటలోను కుక్క చేయు పనులు. ఆటలోను అది ఈ పనులనే చేయును. అందువలననే చూచువారు భ్రమపడుదురు. అయితే ఆటలో కాటు బలము తగ్గియుండును. ఈ అదుపు చాలవరకు పసితనములోనే అలవడును. ఒక పిల్ల గట్టిగా కరచినచో రెండవది కుయ్యిమని అరచి ఆట మానివేయును. ఆట కావలెనన్న మెల్లగా కరవవలెనని మొదటిది దీనివలన నేర్చుకొనును. అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధనశాలలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు కుక్కపిల్లలను పరిశీలించి, 1965లో తమ గ్రంథమును ప్రకటించిరి. సుమారు మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు గల కాలము కుక్కపిల్లకు సాంఘిక జీవనము నేర్చుకొను కాలమని వారు తెలిపిరి. అప్పుడు తోడి పిల్లల సాంగత్యము లేని కుక్క, పెద్దదైన పిమ్మట ఇతర కుక్కల సంజ్ఞలను సరిగా గ్రహింపలేకపోవచ్చును.

ఆటకు పిలుపు

ముందుకాళ్ళను నేలకు చాచి, రొమ్మును దించి, వెనుక భాగమును పైకెత్తి నిలుచుట కుక్కలు ఆటకు పిలుచు సంజ్ఞ. మార్క్ బెకాఫ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ సంజ్ఞను చిరకాలము పరిశీలించెను. కుక్క ఆటలో కరచి తలను అటునిటు విదలించుటకు కొంచెము ముందుగాని, వెంటనే తరువాతగాని ఈ వంగుట ఎక్కువగా కనబడునని ఆయన 1995లో ప్రకటించెను. అట్టి కాటును ఎదుటి కుక్క పోట్లాటగా భావింపవచ్చును గదా! ‘ఇది ఆటకే సుమా’ అని ఈ సంజ్ఞ తెలుపును. వాక్యమునకు విరామచిహ్నములు ఎట్టివో ఆటకు ఈ వంగుట అట్టిదని ఆయన పోల్చెను. అలెగ్జాండ్రా హోరొవిట్జ్ 2009లో మరియొక విశేషమును వెల్లడించెను. ఎదుటి కుక్క తనవైపు చూచుచున్నపుడే కుక్క ఇట్లు వంగును. అది మొగము త్రిప్పుకొని యున్నచో ముందుగా తాకియో, మొరిగియో దాని దృష్టిని తనవైపు మరల్చుకొనును.

భేదమును గుర్తించుట

మొదట శరీరమును చూడవలెను. పగతో నున్న కుక్క బిగిసి నిటారుగా నడచుననియు, దాని తోక పైకి నిలిచి వెంట్రుకలు నిక్కబొడుచుకొనుననియు, స్నేహముతో నున్న కుక్క ఇందుకు విరుద్ధముగా మెలికలు తిరుగుచు వంగుననియు డార్విన్ 1872లోనే వర్ణించెను. ఆటలో దేహము వదులుగా నుండును, నోరు తెరచియుండును, పరుగులో అవసరము లేని గంతులు కనబడును. పోట్లాటకు ముందు నోరు మూసికొని, చూపు ఎదుటి కుక్కపై నిలిపి, కుక్క ఒక క్షణము కొయ్యబారును. ఆ క్షణమే మనకు హెచ్చరిక.

రెండవది పాత్రల మార్పు. తరుముచున్నది కొంతసేపటికి తరుమబడును. పైనున్నది క్రిందికి వచ్చును. అయితే ఈ వంతులు సరిసమానముగా నుండవలెనను నియమము లేదని 2007లో బవర్, స్మట్స్ అనువారి పరిశీలనలో తేలినది. కావున ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. ఆట మందగించిన సమయమున, పైచేయిగా నున్న కుక్కను పేరు పెట్టి పిలిచి కొంచెము ఆపవలెను. రెండవది తిరిగి దానియొద్దకే వచ్చి గంతులు వేసినచో అది ఆటయే. తోక ముడుచుకొని మంచము క్రిందికో, మనుష్యుల చాటునకో పోయినచో దానికి ఆట చాలినదని తెలియవలెను.

గుర్రుమనుటను మాత్రము చూచి నిర్ణయింపరాదు; ఆటలోను కుక్కలు గుర్రుమనును. తోక ఊపుటయు ఎల్లప్పుడు స్నేహచిహ్నము కాదు. యజమానిని చూచినపుడు కుక్క తోక దాని కుడివైపునకును, తనను బెదరించు క్రొత్త కుక్కను చూచినపుడు ఎడమవైపునకును ఎక్కువగా ఊగునని ఇటలీ శాస్త్రజ్ఞులు 2007లో కనుగొనిరి.

పోట్లాటకు కారణములు

అన్నపు గిన్నె, ఎముక, బంతి, పడుకొను చోటు, యజమాని ఒడి - తగవులలో అనేకము వీటి కొరకే. ఇంటి కుక్కకు ఇవన్నియు తనవి. వచ్చిన కుక్కకు అంతయు క్రొత్త. ఇరుకైన గుమ్మములో రెండును ఒకేసారి ఎదురుపడుటయు ప్రమాదమే. కీళ్ళనొప్పులు గల ముసలి కుక్క, పడుచు కుక్క గంతులను సహింపదు. శరీర పరిమాణములో పెద్ద భేదమున్నచో ఆటలోనే చిన్నదానికి గాయము కావచ్చును. మరియొక కారణము ఉద్రేకము. ఆట ఎడతెగక సాగినకొలది గుండె వేగము హెచ్చును; అడ్రినలిన్ మొదలగు హార్మోనులు రక్తములో చేరును. అప్పుడు కుక్క సంజ్ఞలను లెక్కచేయక గట్టిగా కరచును. సాయంత్రము వరకు ఆడి అలసిన పసిపిల్లలు చివరకు ఏడ్చి కొట్టుకొనుట మనము చూచుచునే యున్నాము.

చేయవలసిన పనులు

రెండు కుక్కలకును రేబీస్, డిస్టెంపర్, పార్వో వ్యాధుల టీకాలు ముందుగానే వేయించియుండవలెను. తొలి పరిచయము ఇంటిలో గాక బయలు ప్రదేశమున జరుగుట మేలు. ఇద్దరు మనుష్యులు చెరియొక కుక్కను పట్టుకొని, కొంత ఎడముగా ఒకే దిక్కున నడిపింపవలెను. తాడు బిగబట్టరాదు, బిగించినకొలది కుక్క మరింత రెచ్చిపోవును. ఇంటిలో ఎముకలను, బొమ్మలను తీసివేయవలెను. అన్నము వేరు వేరు గదులలో పెట్టవలెను. కొన్ని నిమిషముల కొకసారి ఆట ఆపించి, నీరు త్రాగనిచ్చి, శాంతించిన పిదప మరల విడువవలెను. ఇంట ఎవరును లేనపుడు రెండింటిని ఒకేచోట ఉంచరాదు. గుర్రుమన్న కుక్కను కొట్టరాదు. ఆ హెచ్చరికను మాన్పించినచో అది ముందు తెలుపకయే కరచుట నేర్చును.

పోట్లాట నిజముగా మొదలైనచో నోళ్ళ మధ్యకు చేతులు పోనీయరాదు. ఆ సమయమున కుక్క తన యజమాని చేతినైనను గుర్తింపక కరచును. పళ్ళెమును గట్టిగా మ్రోగించుట, కడవెడు నీరు కుమ్మరించుట, పలకనో కుర్చీనో మధ్యకు నెట్టుట మంచి ఉపాయములు. విడిపోయిన వెంటనే వేరు గదులలో ఉంచవలెను. కోరల గాట్లు వెంట్రుకల మాటున దాగును గనుక దేహమంతయు తడిమి చూచి, గాయమున్నచో పశువైద్యునికి చూపవలెను.

మనిషికి కాటు తగిలినచో గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. సున్నము, కారము, పసుపు పూయరాదు. రేబీస్ లక్షణములు కనబడిన పిమ్మట ప్రాణము దక్కుట అత్యంత దుర్లభము. సకాలమున టీకా వేయించుకొన్నచో ఆ వ్యాధి రాదు. 1885లో పాశ్చర్ ఒక బాలునికి తొలిసారిగా ఈ చికిత్స చేయించినది మొదలు లక్షలాది ప్రాణములు ఇట్లే నిలిచినవి.

విద్యార్థులకు ఒక అభ్యాసము

పెంపుడు కుక్కలు ఆడుచున్నపుడు కిటికీ లోపలినుండి పది నిమిషములు చూచి, ఎన్నిసార్లు వంగినది, ఏది తరిమినది, ఏది క్రింద పడినది, ఏది ముందు ఆట ఆపినది అను నాలుగు వరుసలలో గీతలు గీయుడు. వీధి కుక్కల చెంతకు పోవలదు. ‘కోపము వచ్చినది’, ‘సంతోషించినది’ అను మాటలు వ్రాయక, కంటికి కనబడిన చేష్టనే వ్రాయవలెను. ఇద్దరు విద్యార్థులు ఒకే ఆటను వేరువేరుగా వ్రాసి పోల్చుకొన్నచో, చూచినది ఎంతయో, ఊహించినది ఎంతయో వారికే తెలియును. కర్ర తీసికొని పరుగెత్తువారికిని, ఊరకుండువారికిని లోపించినది ఈ చూపే.