డ్యూరాండ్ కప్పు గెలిచిన హైదరాబాదు పోలీసులు

ఫుట్‌బాల్ మాట వస్తే మా పద్మపూర్ వైపు అందరి నోటా వచ్చే పేర్లు రెండే: మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్. కలకత్తా గాలి ఒడిశాకు తగిలినంతగా హైదరాబాదు గాలి తగలదు. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. 1911 జూలై 29న మోహన్ బగాన్ వారు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు వారిని 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచారు. పదకొండుగురిలో పదిమంది వట్టి కాళ్ళతో ఆడి, బూట్ల దొరలను ఓడించారు. అటువంటి గెలుపును ఎవరు మరుస్తారు? అయితే అదే మోహన్ బగాన్‌ను ఢిల్లీలో ఓడించి కప్పు పట్టుకుపోయిన జట్టు మన తెలుగుదేశం వైపున కూడా ఒకటుండేది. ఆ సంగతి మనవాళ్ళను పదిమందిని అడిగితే ఇద్దరైనా చెప్పలేకపోవడం మాకు కష్టంగా తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

డ్యూరాండ్ పోటీ 1888లో సిమ్లాలో మొదలైంది. ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దు రేఖకు ఏ దొరగారి పేరున్నదో ఆ మార్టిమర్ డ్యూరాండ్ గారి పేరే ఈ కప్పుకూ ఉన్నది. యాభై ఏళ్ళపాటు తెల్లసిపాయిల పటాలాలే దాన్ని పంచుకున్నాయి. 1940లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ వారు గెలిచేదాకా దేశీయుల జట్టు దేనికీ అది దక్కలేదు. ఆ వెనుక యుద్ధం, దేశ విభజన, పోటీయే ఆగిపోయింది. స్వతంత్రం వచ్చాక మొట్టమొదటి డ్యూరాండ్ 1950లో ఢిల్లీలో జరిగింది. ఆఖరి ఆటకు మిగిలినవారు ఒకవైపు మోహన్ బగాన్, రెండోవైపు హైదరాబాదు సిటీ పోలీసు.

ఆ నాటికి హైదరాబాదు పరిస్థితి కొంత జ్ఞాపకం చేసుకోవాలి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం నిజాం రాజ్యంలో ప్రవేశించింది. దానికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టారు. అది జరిగి రెండేళ్ళు దాటిందో లేదో, నిజమైన పోలీసులే దేశ రాజధానికి వచ్చి నిలబడ్డారు, తుపాకీలు లేకుండా, నిక్కర్లతో. నిన్నటిదాకా రాజ్యం ఎవరిదన్న తగవులో నలిగిన ఊరు అది. అక్కడి కుర్రవాళ్ళు దేశంలోకెల్లా పేరున్న జట్టుతో తలపడ్డారు.

ఆట 2-2తో సమమైంది. పెనాల్టీలు తన్నించి తేల్చే పద్ధతి అప్పటికి లేదు. సమమైతే మళ్ళీ మైదానంలో దిగవలసిందే. మళ్ళీ ఆడారు. ఒక్క గోలు, 1-0. కప్పు హైదరాబాదుకు వెళ్ళింది. ఏదో గుడ్డిదెబ్బ తగిలిందని అనుకొనేవారికి బొంబాయి జవాబు చెప్పింది. అదే 1950లో అక్కడి రోవర్స్ కప్పు కూడా వీరిదే. 1951, 1952, 1953, 1954లలోనూ వీరిదే. వరుసగా అయిదేళ్ళు! రోవర్స్ చరిత్రలో మరే జట్టూ ఆ పని చేయలేదు. డ్యూరాండ్ కూడా 1954లో, 1957లో మరి రెండుసార్లు తెచ్చుకున్నారు.

ఇందరు పోలీసుల వెనుక నిలిచినవాడు మాత్రం పోలీసు కాదు, బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదువుకొని, పాఠశాలల్లో పాఠాలు చెప్పుకొన్న మనిషి. ఆటకు వచ్చినా పంతులు బుద్ధి పోలేదు. ఆయన నగరంలో పెట్టించిన పోటీలు చూడండి. ఒకదానిలో బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ పోవడం నిషేధం. అందిన వెంటనే తోటివాడికి అందించవలసిందే. ఇంకొకదానిలో వాటమైన కాలితో తన్నరాదు, రెండో కాలితోనే తన్నాలి. మా ఆఫీసులో రేపటినుంచి అందరూ ఎడమచేత్తో ఫైళ్ళు రాయాలని ఉత్తరువు వస్తే ఏమవుతుందో ఊహించుకుంటే ఈ శిక్షణలోని కష్టం కొంత బోధపడుతుంది. కానీ ఏడాది గడిచాక రెండు చేతులా రాయగలవాడిని ఎవరు ఓడిస్తారు? వ్యక్తి మెరుపుల కంటే పదకొండుగురి పొందిక మీద ఆయనకు నమ్మకం ఎక్కువ. పోలీసు జట్టు గెలిచినది ఆ పొందికతోనే అని మా అభిప్రాయం.

సికింద్రాబాదు పక్క అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాణ్ణి రహీం గారు పసిగట్టి శిక్షణకు రమ్మన్నారు. అంతదూరం వచ్చే దారి ఖర్చు ఆ కుర్రవాడి దగ్గర లేదు. అద్దె సైకిలు కోసం రోజుకు రూపాయి చొప్పున పంతులుగారే ఇచ్చేవారని బలరాం తరువాత చెప్పుకొనేవారు. ఆ రోజుల్లో రూపాయి అంటే రూపాయే.

ఈ సంగతులు మా సంఘంలో చెబుతుంటే ఒక పెద్దాయన అడ్డుపడి, "అంతా బాగానే ఉంది గానీ బాబూ, ఆ జట్టులో మన తెలుగువాళ్ళు ఎందరు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లాయిక్: పేరుమోసిన పోలీసు ఆటగాళ్ళు వీరు. హైదరాబాదు పాతబస్తీ పేర్లు. బలరాం తల్లిదండ్రులు తమిళులు. ఇంటిభాషను బట్టి లెక్క తీస్తే పెద్దాయన గెలుస్తారు. అయితే అదే లెక్కలో మన సంగతేమిటి? 1936 మార్చి ఆఖరుదాకా ఈ కోరాపుట్ ప్రాంతం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మనం అందులోకి వచ్చాము. 1992లో రాయగడ జిల్లా అయింది. మన పెద్దలు ఇల్లు కదలలేదు, గీతలే కదిలాయి. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, సంతలో సవర మాటలు. మనల్ని ఎవరైనా "మీరు ఈ ఊరివాళ్ళు కారు" అంటే ఒప్పుకుంటామా? ఒప్పుకోము. అటువంటప్పుడు హైదరాబాదు మట్టిలో ఆడి పెరిగినవారిని మనవాళ్ళు కారని ఏ నోటితో అనగలము? పెద్దాయన కొంతసేపు ఊరుకొని, "సరేలే, తరువాత ఏమైందో చెప్పు" అన్నారు.

తరువాత 1956. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న, మెల్బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టు ఆస్ట్రేలియాను వారి సొంతగడ్డ మీద 4-2తో ఓడించింది. శిక్షకులు రహీం గారే. జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, బలరాం, జుల్ఫికరుద్దీన్ హైదరాబాదు నుంచి వెళ్ళినవారు. మూడు గోల్స్ బొంబాయి వైపు నెవిల్ డిసౌజా కొట్టారు, నాలుగోది కృష్ణస్వామి. ఒక తమాషా: మెల్బోర్న్ వారికి ఫుట్‌బాల్ అంటే మన ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకొని పరుగెత్తుతూ జట్టుకు 18 మంది ఆడే ఆట వారిది. ఆ ఒలింపిక్సులోనే దాన్ని ప్రదర్శనగా ఆడి లోకానికి చూపించారు. సెమీఫైనలులో భారతదేశం యుగోస్లావియా చేతిలో 4-1తో ఓడి, ఆఖరుకు నాలుగో స్థానంలో నిలిచింది. నాలుగేళ్ళ క్రితం హెల్సింకిలో అదే యుగోస్లావియా చేతిలో 10-1తో చితికిన సంగతి తెలిస్తే ఈ ఓటమి విలువ తెలుస్తుంది.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చేనాటికి రహీం గారిని కాన్సరు తినేస్తున్నది. 1963 జూన్ 11న కన్నుమూశారు. బలరాం అప్పటికి ఎన్నో ఏళ్ళ క్రితమే కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయారు. మంచి ఆటగాళ్ళకు కలకత్తా పిలుపు వచ్చేది, పిలుపుతోపాటు పేరూ వచ్చేది. ఆంధ్రప్రదేశ్ పోలీసు అనే పేరుతో 1961లో డ్యూరాండ్ మరొక్కసారి వచ్చింది. ఆ పైన రాలేదు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్.సి. అనే కొత్త జట్టు ఇండియన్ సూపర్ లీగ్ గెలిస్తే మేము ఎంతో సంతోషించాము. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ సినిమా పుణ్యమా అని రహీం పేరు మళ్ళీ నలుగురికీ తెలిసింది గాని, అది భారత జట్టు కథ. పోలీసుల కథకు ఇంకా ఎవరూ సినిమా తీయలేదు.

మన సభ్యులలో హైదరాబాదులో ఉద్యోగాలు చేసి వచ్చిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఆ నాటి ఆటలు చూసిన తాతగారి మాటలో, పాత పత్రికల ముక్కలో ఎవరి ఇంట్లోనైనా ఉంటే సంఘానికి తెలియజేయండి. అచ్చు వేసి, కాగితాలు భద్రంగా తిరిగి పంపుతాము.