యంత్రం ఆగినచోట

తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోని మాధవమాల గ్రామం కొయ్యశిల్పాలకు ప్రసిద్ధి పొందింది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడేంతవరకు ఈ గ్రామం చిత్తూరు జిల్లాలో ఉండేది. శిల్పి ఉలితో దేవతామూర్తిని మలిచేటప్పుడు చెక్కలో ముడి తగిలితే, ఆ సంగతి మొదట అతని చేతికే తెలుస్తుంది. వెంటనే చేయి ఆగుతుంది, కన్ను పరిశీలిస్తుంది, ఉలి దారి మార్చుకొంటుంది.

శిల్పాన్ని యంత్రంతో చెక్కాలనే ఆలోచన కొత్తది కాదు. ఆవిరియంత్రాన్ని మెరుగుపరచిన జేమ్స్ వాట్ తన చివరి సంవత్సరాలలో శిల్పాలకు నకళ్లు తీసే యంత్రాలను రూపొందించాడు. అంకెల రూపంలో ఇచ్చిన ఆదేశాలతో నడిచే కోతయంత్రాన్ని అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 1952లో ప్రదర్శించింది. ఆ సూత్రంపై పనిచేసే చిన్న యంత్రాలు నేడు ఇండ్లలోకి కూడ వచ్చాయి.

ఈ యంత్రంలో వేగంగా తిరిగే బిట్ ఉలి పని చేస్తుంది. దానిని మోసుకొంటూ పట్టాలపై జరిగే భాగాన్ని క్యారేజి అంటారు. మోటారు ఒక మరకడ్డీని తిప్పగా, దానిపై ఉన్న నట్టు క్యారేజిని ముందుకు, వెనుకకు జరుపుతుంది. సాధారణంగా ఈ మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా తిరుగుతుంది. ఒక చుట్టుకు క్యారేజి 8 మిల్లీమీటర్లు జరిగితే, ఒక్కొక్క అడుగుకు జరిగే దూరం 0.04 మిల్లీమీటరు మాత్రమే. ఇంతటి సూక్ష్మత మానవహస్తానికి దుస్సాధ్యం.

అయితే ఈ నైపుణ్యంలో ఒక లోపం దాగి ఉంది. క్యారేజి ఎక్కడైనా బిగుసుకొంటే మోటారు అడుగులు తప్పుతుంది. చాల గృహయంత్రాలలో ఆ సంగతిని గ్రహించే సాధనం ఉండదు. క్యారేజి జరిగిందనే భావించి యంత్రం లెక్క కొనసాగిస్తుంది. 100 అడుగులు తప్పితే, ఆపైన చెక్కే ప్రతి గీత 4 మిల్లీమీటర్లు పక్కకు తొలగుతుంది. మూర్తి ముక్కు చెంపపైకి పోతుంది. గంటల శ్రమ, విలువైన కొయ్య రెండూ వ్యర్థమవుతాయి.

ఇటువంటప్పుడు క్యారేజిని బలవంతంగా తోయరాదు. ముందుగా విద్యుత్తును నిలిపి, ప్లగ్గును తీసివేయాలి. తరువాత నట్టును క్యారేజి నుండి విడదీసి, చేతితో మెల్లగా ఈ చివరి నుండి ఆ చివరి వరకు జరిపి చూడాలి. అప్పుడు కూడ బిగుసుకొంటే లోపం పట్టాలలోనో, చక్రాలలోనో, తీగలలోనో ఉన్నట్లు. తేలికగా జరిగితే మరకడ్డీని, నట్టును, మోటారును పరీక్షించాలి. ఈ ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగం తగ్గుతుంది.

ఎక్కడ బిగుస్తున్నదో గమనిస్తే కారణం కూడ బోధపడుతుంది. పట్టాల పొడవునా బరువుగా జరిగితే, రంపపు పొట్టు గ్రీజుతో కలిసి ముద్దకట్టి ఉండవచ్చు. మధ్యలో తేలికగా ఉండి ఒక చివర బిగిస్తే, పట్టాలు సమాంతరంగా లేవని అర్థం. ఒక చివర పట్టాల నడుమ సరిగా పట్టేటట్లు కర్రను కోసి, దానిని రెండవ చివరకు జరిపితే తేడా బయటపడుతుంది. మన ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల వేళ గాలిలో తేమ పెరిగి, చెక్కతో చేసిన పీఠం ఉబ్బినా ఈ తేడా రావచ్చు. ఎప్పుడూ ఒకేచోట ఆగితే అక్కడ తీగ చిక్కుకొన్నదేమో చూడాలి. నట్టు బిగించిన తరువాత ప్రతి 8 మిల్లీమీటర్లకు ఒకసారి పట్టివేస్తే మరకడ్డీ వంగి ఉండవచ్చు. అంతా తేలికగా జరిగి, చెక్కేటప్పుడు మాత్రమే ఆగితే, బిట్ మొద్దుబారిందని గాని, ఒకేసారి మితిమీరిన లోతు కోస్తున్నామని గాని భావించవచ్చు.

బిగుసుకొన్నచోట నూనె పోయడం చాలమంది చేసే పొరపాటు. పొట్టును తుడవకుండా పోసిన నూనె ముద్దను మరింత పెంచుతుంది. మొదట కుంచెతోను, పొడిగుడ్డతోను శుభ్రం చేయాలి. తయారీదారు సూచించినచోట మాత్రమే పలుచగా నూనె రాయాలి. ఒకసారి ఒక్క మార్పే చేసి, మళ్లీ జరిపి చూడాలి. అనేక మార్పులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో తెలియదు. చివరగా విలువలేని చెక్కపై ఒక చతురస్రాన్ని గీయించి, గీత మొదలైన బిందువు వద్దనే ముగిసినదని నిర్ధారించుకొన్న పిమ్మట అసలు కొయ్యను బిగించాలి.

యంత్రం అలసట ఎరుగదు. కాని తాను ఆగిన సంగతి కూడ ఎరుగదు. చెక్కలోని ముడిని చేతితో పసిగట్టే మాధవమాల శిల్పి ఓర్పు, పరిశీలన యంత్రం ముందు నిలబడేవానికి కూడ అవసరమే. పనిముట్టు మారినంతమాత్రాన పనివాని బాధ్యత తగ్గదు.