యానాము: గోదావరి యొడ్డున ఫ్రెంచి సీమ

ఆంధ్రదేశము నడుమ, గౌతమీ గోదావరి యొడ్డున, సుమారు 30 చదరపు కిలోమీటర్ల చిన్న సీమ యొకటి కలదు. అదియే యానాము. అచటి జనుల భాష తెలుగు. పాలన మాత్రము దూరమున నున్న పుదుచ్చేరిది. ఈ వింతకు కారణము వర్తకము.

గోదావరి సీమ నేతవస్త్రములకై ఫ్రెంచివారు 1723లో ఇచట వర్తకస్థానమును నెలకొల్పిరి. లాభము లేమిచే 1727లో విడిచి, 1731లో మరల వచ్చిరి. పిమ్మట యానాము పలుమార్లు ఆంగ్లేయుల వశమయ్యెను. తుదకు 1814 నాటి పారిసు సంధిచే ఫ్రెంచివారికే దక్కెను.

కాలక్రమమున మరవస్త్రముల ధాటికి నేత వర్తకము సన్నగిల్లెను. అంతట ఊరికి పొలిమేరయే పెట్టుబడి యయ్యెను. సుంకము లేక చౌకగా దొరకు విదేశీ వస్తువులకై పొరుగు గ్రామములవారు మంగళవారపు సంతకు వచ్చెడివారు. బాల్యవివాహములను నిషేధించిన 1929 నాటి శారదా చట్టము ఫ్రెంచి నేలపై చెల్లకుండెను. కావున చట్టమునకు వెఱచినవారు పిల్లలను ఇచటికి గొనివచ్చి పెండ్లిండ్లు చేసిరి. ఊరికి కల్యాణపురమను పేరు వచ్చెను. వర్తకులకు లాభము కలిగెను; పసిబాలికలకు బాల్యమే నష్టమయ్యెను.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య మొదలగువారు యానామును విడిపించిరి. ఆ నవంబరు 1న పాలన భారతదేశమునకు వచ్చెను. 1962 ఆగస్టు 16న విలీనము చట్టబద్ధమయ్యెను. సుంకపు పొలిమేర చెరగగా దానిపై బ్రతికిన వర్తకమును అంతరించెను. వరిచేలు, కొబ్బరితోటలు, చేపలవేట మాత్రము నిలిచినవి. పొలిమేర యిచ్చిన సిరి పొలిమేరతోనే పోవును. నేలను, నీటిని నమ్మిన బ్రతుకు నిలుచును.