లోషన్ తలనూనె కాదు

గోదావరి జిల్లాల్లో తలకి ఏది రాయమన్నా నూనె రాసినట్టే రాస్తాం. అరచేతి గుంట నిండా పోసుకుని, మాడున అద్ది, రెండు చేతులతో జుట్టంతా పట్టించి, చేతికి మిగిలింది ముఖానికీ మెడకీ పులిమేస్తాం. కొబ్బరినూనె అయితే ఇబ్బంది లేదు. కానీ చుండ్రుకని మందుల షాపులో కొన్న లోషన్‌కీ ఇదే మర్యాద జరుగుతోంది. పాఠకులు పదేపదే అడిగే ప్రశ్న కూడా అక్కణ్నుంచే వస్తోంది: "రాస్తుంటే తగ్గుతోందండీ, మానేస్తే మళ్లీ వస్తోందండీ, ఎన్నాళ్లు రాయాలండీ?" ఏ లోషనని తిరిగి అడిగితే తెల్ల సీసా అనో, పక్కింటి పిన్నిగారికి డాక్టరు రాసిందనో చెబుతారు. అందులో ఉన్న మందేమిటో చెప్పేవాళ్లు చాలా తక్కువ.

సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. మనకి కావలసింది దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కీటోకొనజోల్, జింక్ పైరిథియోన్, సెలీనియం సల్ఫైడ్ అని ఉంటే అది శిలీంధ్రాన్ని అణిచే మందు. శాలిసిలిక్ యాసిడ్ అని ఉంటే పొలుసుల్ని మెత్తబరిచి ఊడగొట్టేది. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. శాలిసిలిక్ యాసిడ్‌నీ స్టెరాయిడ్‌నీ కలిపిన లోషన్లు కూడా షాపుల్లో మామూలే. ఈ మూడు రకాల్నీ "చుండ్రు లోషన్" అనే ఒక్క పేరుతో పిలవడంతోనే చిక్కు మొదలవుతుంది.

చుండ్రు వెనక ఉన్నది మలసీజియా అనే ఈస్టు. 1874లో దీన్ని వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ చార్లెస్ మలసే పేరే దానికి పెట్టారు. అది దాదాపు పెద్దవాళ్లందరి తలమీదా ఉంటుంది. చర్మం ఊర్చే జిడ్డుని విడగొట్టి, తనకి కావలసిన కొవ్వు ఆమ్లాలు తిని, అక్కరలేనివి వదిలేస్తుంది. ఆ వదిలేసిన వాటిలో ఓలియిక్ ఆమ్లం ఒకటి. కొందరి చర్మానికి అది పడదు. దురద పుడుతుంది, చర్మకణాలు తొందరపడి పుట్టి, గుంపులుగా ఊడతాయి. భుజాల మీద రాలేది అదే. కాబట్టి చుండ్రు శుభ్రత లేకపోవడం వల్ల వచ్చింది కాదు, దువ్వెన పంచుకుంటే అంటుకునేదీ కాదు. "ఒంట్లో వేడి చేసింది" అని కోడికూర మాన్పించి బార్లీ నీళ్లు పట్టించడం వల్ల మాడుకి ఒరిగేదేమీ లేదు. నిమ్మచెక్క రుద్దుకుని ఎండలోకి వెళ్లడం అంతకన్నా చెడ్డది. ఆ రసం కారిన చోట ఎండ తగిలితే చర్మం కాలి నల్లటి చారలు పడతాయి.

నూనె సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. కొబ్బరి మార్కెట్‌కి అంబాజీపేట పేరు చెప్పుకునే ప్రాంతం మనది, నూనె మీద మాట పడనివ్వం. కొబ్బరినూనె వెంట్రుకకి మంచిదే. వెంట్రుకలోకి ఇంకి, అందులోని ప్రొటీన్ పోకుండా కొంత కాపాడుతుందని ప్రయోగాల్లో తేలింది. కానీ వెంట్రుక వేరు, మాడు వేరు. మలసీజియాని ప్రయోగశాలలో పెంచాలంటే మామూలు మేత చాలదు, పైన ఆలివ్ నూనె పోస్తారు. 2007లో దాని జన్యుపటం చదివినప్పుడు కారణం కూడా దొరికింది: కొవ్వు ఆమ్లాలు సొంతంగా తయారు చేసుకునే ఎంజైము దానికి లేదు, బయటినుంచి అందాల్సిందే. రాత్రి నూనె పట్టిస్తే పొద్దున చుండ్రు తగ్గినట్టు కనిపించడానికి కారణం పొలుసులు నూనెకి అంటుకుని రాలకుండా ఉండిపోవడమే. దళసరిగా పేరుకున్న పొలుసుల్ని నానబెట్టడానికి తలంటుకి గంట ముందు కాస్త నూనె రాయొచ్చు. వారమంతా జిడ్డోడుతూ ఉంచడం, ఆ జిడ్డు మీదే లోషన్ పోయడం మాత్రం కూడదు.

లోషన్ ఎలా రాయాలో వరిచేను ఎరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. యూరియా చల్లే ముందు రైతు చేలో నిలవ నీరు తీసేస్తాడు. బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ నీరు పెడతాడు. నీరు నిండుగా ఉండగా చల్లితే డబ్బు బోదెలో కలిసినట్టే. మాడు మీద నిలవ నీరు నూనె. ముందురోజు తలంటుకుని దాన్ని వదిలించాలి. జుట్టు బాగా ఆరాక దువ్వెన మొనతో పాపిడి తీయండి. సీసా మూతి మాడుకి ఆనించి రెండు మూడు చుక్కలు వదలండి. గోరు తగలకుండా వేలికొనతో అద్దండి. అంగుళం పక్కన ఇంకో పాపిడి తీయండి. పొలుసులున్న చోట చాలు, తలంతా అక్కర్లేదు. వెంట్రుకల మీద పడిన మందు ఆకుల మీద పడిన ఎరువులాంటిది, వేరుకి చేరదు. నుదుటి మీదికి కారితే గట్టు తెగినట్టే, వెంటనే తుడిచేయండి. కంట్లో పడితే నీళ్లతో బాగా కడగండి. రాశాక చేతులు కడుక్కోండి. పైన తువ్వాలు చుట్టడం, టోపీ బిగించడం వద్దు. మూసి ఉంచితే మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది.

ఇలాంటి లోషన్లలో చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది. గీరుకున్న చోట భగ్గుమని మండేది అందుకే. ఆరేదాకా దేవుడి దీపం, గ్యాస్ పొయ్యి, బీడీ దగ్గరికి పోకండి. అది నిప్పంటుకునే ద్రవం.

షాంపూ రూపంలో వచ్చే కీటోకొనజోల్‌ది వేరే పద్ధతి. తడి తలకి పట్టించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. వారానికి రెండుసార్లు చొప్పున రెండు నుంచి నాలుగు వారాలు, ఆపైన మళ్లీ రాకుండా వారానికో రెండు వారాలకో ఒకసారి. ఈస్టు మనతోనే కాపురం ఉంటుంది కాబట్టి, మానేస్తే చుండ్రు తిరిగి రావడం మందు లోపం కాదు. ఈ షాంపూని ఇలా కొనసాగించవచ్చు. స్టెరాయిడ్‌ని కొనసాగించకూడదు.

అసలు నా గోడంతా ఇక్కడే. స్టెరాయిడ్ ఈస్టుని చంపదు, చర్మం వాపుని అణుస్తుంది. దురద ఒకటి రెండు రోజుల్లో హాయిగా తగ్గిపోతుంది, అందుకే సీసా మీద నమ్మకం కుదురుతుంది. కానీ నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. చేతికి మిగిలింది ముఖానికి పులిమే అలవాటుంటే బుగ్గలు ఎర్రబారి, మొటిమలు లేచి, సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. ఆపేస్తే మంట, దురద రెట్టింపై మళ్లీ సీసా దగ్గరికే నడిపిస్తాయి. క్లోబెటసాల్ 0.05 శాతం లోషన్‌కి పెట్టిన హద్దు స్పష్టంగా ఉంది: వరసగా రెండు వారాలు దాటకూడదు, వారానికి 50 మిల్లీలీటర్లు మించకూడదు. దాళ్వా అయ్యాక సార్వాకి ముందు కాలువలు కట్టేసినట్టు, మాడుకి కూడా విరామం ఉండాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పైపూత మందుల్ని చీటీ ఉంటేనే అమ్మాలనే షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా "చుండ్రుకేదైనా మంచి లోషనివ్వండి" అంటే కౌంటరు మీదికి అవే వస్తున్నాయి. అమ్మేవాళ్లనీ అడగాలి, కొనే మనమూ చీటీ లేకుండా అడగడం మానాలి.

పక్కింటావిడకి పనిచేసింది కదా అంటారు. ఆవిడది పేనుకొరుకుడు అయి ఉండొచ్చు. రూపాయి బిళ్లంత మేర నున్నగా జుట్టు ఊడే ఆ జబ్బుకి పేను కొరకడం కారణం కాదు, శరీర రక్షణ వ్యవస్థే వెంట్రుకల కుదుళ్ల మీద దాడి చేస్తుంది. దానికి డాక్టర్లు స్టెరాయిడ్ లోషన్ రాస్తారు. జీడిగింజ రసం పూసి మాడు కాల్చుకునేవాళ్లు ఇప్పటికైనా ఆ పని మానాలి. చిన్నపిల్లల తలలో గుండ్రటి పొలుసుల మచ్చలు, అందులో తెగిన వెంట్రుకలు కనిపిస్తే అది తామర కావచ్చు. అది అంటుకుంటుంది, కడుపులోకి మందు వేసుకోవాలి, స్టెరాయిడ్ రాస్తే ఇంకా పాకుతుంది. వెండిరంగు పొలుసులు దళసరిగా కట్టి నుదుటి మీదికి, చెవుల వెనక్కి దిగితే సోరియాసిస్ అని అనుమానించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు డాక్టరు చెప్పకుండా ఈ లోషన్లేవీ వాడకూడదు.

రెండు వారాలకి మించి స్టెరాయిడ్ లోషన్ రాస్తున్నవాళ్లు ఈ వారమే ఆ సీసా పట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్)లో చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లే పూట మాత్రం తలకి నూనె రాసుకోకండి, పొలుసులు ఉన్నవి ఉన్నట్టు డాక్టరుకి కనబడాలి.