మేనరికమా అండి?

రావులపాలెంలో మా మందుల కొట్టుకి కొత్తగా వచ్చినవాళ్లు మా చెల్లి మొహం కాసేపు చూసి, గొంతు తగ్గించి అడుగుతారు: “మేనరికమా అండి?” కాదు. అయినా మా చెల్లికున్న డౌన్ సిండ్రోమ్‌కీ మేనరికానికీ సంబంధం లేదు. గ్రహణానికి అసలే లేదు. చాలామటుకు కారణం ఇదీ: అండం తయారయ్యేటప్పుడు 21వ క్రోమోజోము జంట విడిపోదు. బిడ్డకి రెండు ఉండాల్సిన చోట మూడు వస్తాయి. ఈ సంగతి 1959లోనే పారిస్‌లో తేలింది. తల్లికి నలభై దాటితే అవకాశం బాగా పెరిగే మాట నిజమే గానీ, మా అమ్మకి అప్పుడు ఇరవై రెండు. నూటికి మూడు నాలుగు కేసుల్లో మాత్రం ఇది వంశంలో రావచ్చు. మరో బిడ్డ కావాలనుకునేవాళ్లు క్రోమోజోములు చూసే కారియోటైప్ రక్తపరీక్ష చేయించుకోమనేది అందుకే.

తప్పెవరిదని ఆరా తీసే బదులు “గుండెకి ఎకో తీయించారా?” అని అడిగితే ఆ బిడ్డకి మేలు. ఈ పిల్లల్లో దాదాపు సగంమందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. తర్వాత అడగాల్సింది థైరాయిడ్ గురించి. పుట్టగానే, ఆరో నెలలో, ఏడాదికి, ఆపైన ఏటా టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలి. పదిహేనేళ్లప్పుడు మా చెల్లి పొద్దస్తమానం పడుకునేది, ఒళ్లు పొడిబారిపోయింది. “ఈ పిల్లలు అంతేనండి” అన్నాడొక డాక్టరు. “అంతే” కాదు, థైరాయిడ్. పరగడుపున రోజూ ఒక మాత్ర. నెలన్నర తిరిగేసరికి మళ్లీ అమ్మతో పోట్లాడటం మొదలెట్టింది.

మా కొట్లో అమ్మే మరో మందుకీ ఈ పిల్లలకీ ఓ లంకె ఉంది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అమ్ముతాం. 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధనల్లోంచి వచ్చిందది. పిల్లల రక్తక్యాన్సర్‌కి నేటికీ అదే ముఖ్యమైన మందుల్లో ఒకటి. డౌన్ పిల్లలకి ఆ క్యాన్సర్ మిగతా పిల్లలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది. చిత్రమేమిటంటే, ఆ మందుని కణంలోకి చేరవేసే ప్రొటీన్‌ని తయారుచేసే జన్యువు ఉన్నది 21వ క్రోమోజోము మీదే. మూడు ప్రతులున్న కణంలోకి మందు ఎక్కువ వెళ్తుంది, నోటిపూత లాంటి బాధలూ ఎక్కువే. అందుకే డాక్టర్లు వీళ్లకి డోసు చూసి చూసి ఇస్తారు.

ఆత్రేయపురంలో మా పిన్ని పూతరేకులు చుడుతుంది. చెల్లి పక్కన కూర్చుని తడిగుడ్డతో రేకుని మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లప్పొడి చల్లి మడుస్తుంది. కండరాల్లో పట్టు తక్కువ, వేళ్లు పొట్టి. మొదట్లో చేతిలోనే రేకులు తునిగిపోయేవి. చిన్నప్పుడు ఫిజియోథెరపీ దొరికుంటే ఇంకా త్వరగా నేర్చుకునేదని నా అనుమానం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఇప్పుడు పుట్టిన బిడ్డని మొదలు 18 ఏళ్లవాళ్ల దాకా చూస్తున్నారు, జాబితాలో డౌన్ సిండ్రోమ్ కూడా ఉంది. మా చెల్లికి ఆ వయసు దాటాక వచ్చింది అది.

పిన్ని అందరితో పాటే దానికీ కూలి లెక్కగట్టి ఇస్తుంది. సదరం వైకల్య సర్టిఫికెట్ మీద నెలకి ఆరు వేల పింఛనూ వస్తోంది. ఒకప్పుడు ఇలాంటివాళ్లు పాతికేళ్లు బతకడమే గొప్ప. ఇప్పుడు వైద్యం అందితే అరవై దాకా బతుకుతున్నారు. అంటే అమ్మానాన్నల తర్వాత కూడా. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద దానికి నన్ను సంరక్షకుడిగా పెట్టమని అమలాపురం కలెక్టరేటులో కాగితాలిచ్చాం. సంతకం పెట్టే చోట వేలిముద్ర వేయనంది, పేరు రాస్తానంది. రాసింది కూడా, గడి దాటి.