బంతి ఎగరేసే చదువు



మన కార్యక్రమానికి వచ్చే ఉత్తరాల్లో ఒకటి నేను విడిగా దాచి వుంచుకున్నాను. రాసినావిడ పేరు చెప్పను. ఆవిడ కూతురు ఇంటర్ పూర్తిచేసి, ఇంజనీరింగు వద్దని, యానిమేషన్ కోర్సులో చేరిందట. బ్యాంకులో అప్పు తీసుకుని ఫీజు కట్టారట. రెండు నెలలైనా పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుని ఒక బంతిని ఎగరేస్తూనే వుందట. అది చూసి ఆయన, ఈ బంతులాటకి రెండో ఏడాది ఫీజు కట్టేది లేదు, మానేసి డిగ్రీలో చేరమంటున్నారట. ఇంతకూ ఆ కోర్సులో ఏం నేర్పుతారు, అందులో చదువన్నది వుందా లేదా, విడమరిచి చెప్పమని ఆవిడ అడిగారు. మా ఆడపడుచు కూతురు మా ఇంట్లోనే వుండి ఈ చదువు చదివింది. దాని హోమ్‌వర్కులన్నీ వంటింటి గుమ్మంలో నుంచుని చూసినదాన్ని కనుక, నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు ఆ బంతి సంగతే చూద్దాం. మనం సినిమాహాల్లో చూసే కదలిక నిజానికి కదలిక కాదు. సెకనుకి 24 బొమ్మలు వరసగా మన కళ్ళముందు నుంచి వెళ్ళిపోతాయి. కన్ను వాటిని విడదీసి చూడలేక, కలిపేసుకుని, కదులుతోందనుకుంటుంది. చేత్తో గీసేవాళ్ళు చాలాసార్లు ఒక్కో బొమ్మని రెండేసి సార్లు చూపించి 12 బొమ్మలతో సెకను నడిపిస్తారు. అలా అనుకున్నా నిమిషానికి 720 బొమ్మలు కావాలి. మరి ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ, ఎంత ఎడంతో? ఆ లెక్క చెప్పే మొదటి పాఠమే బంతి.

మీ వాడు వరండాలో బంతి కొడుతుంటే ఒక్కసారి నిలబడి చూడండి. పైకి వెళ్ళేకొద్దీ అది నెమ్మదిస్తుంది. పైన ఒక్క లిప్తకాలం ఆగినట్టుంటుంది. దిగేటప్పుడు వేగం పుంజుకుంటుంది. దీన్ని కాగితం మీదకి తేవాలంటే పైనున్నప్పటి బొమ్మలు దగ్గరదగ్గరగా గీయాలి, నేల దగ్గరకి వస్తున్నప్పటివి దూరదూరంగా గీయాలి. నేలకి తగిలినప్పుడు బంతి కాస్త నొక్కుకుపోవాలి. అలా అని పెద్దది కాకూడదు. చపాతీ ఉండని అరచేత్తో నొక్కితే వెడల్పవుతుంది గాని పిండి పెరగదు కదా, అదే సూత్రం. ఇది అయ్యాక అదే వృత్తాన్ని ఇనపగుండులా పడేయమంటారు. తర్వాత పింగ్‌పాంగ్ బంతిలా, ఆ తర్వాత నీళ్ళు నింపిన బెలూన్‌లా. గీసేది ప్రతిసారీ ఒట్టి వృత్తమే. చూసేవాడికి మాత్రం ఇది బరువు, ఇది తేలిక అని తెలియాలి. రెండు నెలలు పట్టిందంటే ఆశ్చర్యం లేదండీ.

ఈ సూత్రాలు ఎవరో నిన్న మొన్న కనిపెట్టినవి కావు. అమెరికాలో డిస్నీ స్టూడియోలో ఏళ్ళ తరబడి పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అనే ఇద్దరు చిత్రకారులు 1981లో ఒక పెద్ద పుస్తకం వేసి, అందులో 12 సూత్రాలుగా కూర్చి చెప్పారు. ఇవాళ్టికీ ఏ దేశంలో యానిమేషన్ చదివినా ఆ పన్నెండూ నేర్చుకోవాల్సిందే. మన దేశానికి ఈ విద్య వచ్చిన దారి కూడా అదే స్టూడియోనుంచి. డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ అనే ఆయన 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కి వచ్చి మనవాళ్ళకి శిక్షణ ఇచ్చారు. ఆ మరుసటి ఏడు జాతక కథ ఆధారంగా ‘బన్యన్ డీర్’ అనే చిన్న చిత్రం తయారైంది.

ఆ పన్నెండింట్లో కొన్ని మన ఇంట్లోనే వున్నాయి. వాకిట్లో బకెట్టుతో నీళ్ళు చల్లబోయే మనిషిని చూడండి. చెయ్యి ముందుకి రాకముందు వెనక్కి వెళుతుంది. ఆ వెనక్కి వెళ్ళడం గీయకపోతే, నీళ్ళు వాటంతటవే దూకినట్టుంటుంది. జడ వేసుకున్న పిల్ల పరుగెత్తి టక్కున ఆగితే, పిల్ల ఆగుతుంది గాని జడకుచ్చులు ఆగవు, ఇంకో రెండు ఊపులు ఊగుతాయి. పమిటచెంగూ అంతే. మా మేనకోడలు నన్ను హాల్లో ఈ చివరనుంచి ఆ చివరకి పదిసార్లు నడిపించి ఫోన్లో వీడియో తీసుకుంది. “అత్తా, నువ్వు ఎడమకాలు కొంచెం ఆలస్యంగా ఎత్తుతావు తెలుసా?” అంది. ఇరవై ఏళ్ళు కాపురం చేసినాయన కూడా ఆ మాట అనలేదు!

నడక పాఠం బంతికంటే కష్టం. పాదం నేలకి తగలడం, ఒళ్ళు కిందకి దిగడం, రెండోకాలు దాటడం, ఒళ్ళు పైకి లేవడం... ఈ నాలుగు స్థితులూ ముందు గీసి, మధ్యవి నింపుకుంటూ పోతారు. మామూలు మనిషి ఒక అడుగు సుమారు అర సెకను, అంటే 12 ఫ్రేములు. అడుగుకి ఇంకో నాలుగు కలిపితే అలసిపోయిన మనిషి అవుతాడు. నాలుగు తగ్గిస్తే బస్సు తప్పిపోతోందన్నట్టు వుంటుంది. మెట్లమీద చప్పుడునుబట్టి వచ్చేది ఎవరో, ఏ ధోరణిలో వస్తున్నారో మనం వంటింట్లోంచే చెప్పేస్తామా లేదా? ఆ తెలివినే వీళ్ళు లెక్కగట్టి కాగితం మీద పెడతారన్నమాట.

తర్వాత సగం నింపిన పిండిసంచి ఒకటి ఇస్తారు. దానికి కళ్ళుండవు, నోరుండదు. నాలుగు మూలలే కాళ్ళూ చేతులూ. దానికి కోపం రావాలి, సిగ్గు వేయాలి, దిగులు కలగాలి. ముఖం లేకుండా ఒంటితో భావం చెప్పడం ఇక్కడ నేర్చుకుంటారు. ఇదెందుకు పనికొస్తుందో తెలియాలంటే 2012లో వచ్చిన రాజమౌళి ‘ఈగ’ తలుచుకోండి. ఈగకి కనుబొమలు లేవు, పెదవులు లేవు. అయినా అది పగ పట్టిందని మూడేళ్ళ పిల్లకి కూడా తెలిసిపోయింది. ముందుకాళ్ళు రుద్దుకోవడంతో, తల వంచడంతో, ఎగరబోయి ఆగడంతో అంతా చెప్పించారు. ఆ ఈగని తయారుచేసింది హైదరాబాదులోని మకుట సంస్థ. ఆ పనికి జాతీయ అవార్డు కూడా వచ్చింది.

ఇక పాత్రల రూపకల్పన. దీన్ని వాళ్ళు క్యారెక్టర్ డిజైన్ అంటారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇదే. బొమ్మ వేశాక దాన్ని మొత్తం నల్లరంగుతో నింపెయ్యమంటారు. కన్నూ ముక్కూ ఏమీ కనపడవు. ఆ నల్లని నీడని చూసి ఇది ఎవరో పోల్చగలిగితే బొమ్మ కుదిరినట్టు. లేకపోతే మళ్ళీ మొదటికి. గుండ్రటి ఆకారాలు సౌమ్యానికి, చదరాలు మొండితనానికి, కోసుగా వుండే త్రికోణాలు దుష్టత్వానికి పనికొస్తాయని చెబుతారు. హైదరాబాదు గ్రీన్ గోల్డ్ వాళ్ళ ఛోటా భీమ్ 2008 నుంచీ మన పిల్లలకి నేస్తం. వాడి గుండ్రటి ముఖం, నారింజరంగు పంచె చూస్తే చాలు, పేరు రాయక్కర్లేదు.

మనకిది కొత్తా? తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. తెరకి దూరంగా, గుంపులో వెనక కూర్చున్న ముసలమ్మకి కూడా వచ్చినవాడు రావణుడో ఆంజనేయుడో అంచు చూస్తేనే తెలిసిపోవాలి. బంగారక్క, జుట్టుపోలిగాడు తెరమీదకి రాగానే, వాళ్ళు నోరు విప్పకముందే జనం నవ్వుతారు. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే. చందమామలో శంకర్‌గారి బేతాళుణ్ణి చూసి పెరిగిన మనకి, బాపుగారి బుడుగుని నాలుగు గీతల్లో పోల్చిన మనకి, పిల్లలు చదివేది మరీ పరాయి విద్యలా కనిపించనక్కర్లేదు. ఆ పాత సంచికలు అటకమీద వుంటే దించి పిల్ల చేతికివ్వండి.

ఒక బొమ్మ కుదిరాక దాన్ని ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి, ఏటవాలుగా గీయాలి. నవ్వు, ఏడుపు, విసుగు, భయం ఒక కాగితం మీద వరసగా చూపాలి. పదిమంది చిత్రకారులు కలిసి గీసినా పాత్ర ఒక్కలాగే వుండాలి గనక ఇదంతా. మాస్టారు ముప్ఫై బొమ్మలు వేయించి ఇరవై తొమ్మిది పక్కన పెట్టించేస్తారు. ఆ రోజుల్లో పిల్లలు అన్నం సరిగ్గా తినరు. కాస్త కనిపెట్టి వుండండి.

మూడోది విజువల్ ఎఫెక్ట్స్, వాళ్ళ భాషలో వి.ఎఫ్.ఎక్స్. 1957లో ‘మాయాబజార్’లో లడ్లు వరసకట్టి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్ళాయి. అప్పుడు కంప్యూటర్లు లేవు. కెమెరా మీదా, చేతి నేర్పు మీదా చేసిన పని అది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ పేరు ఇప్పటికీ తలుచుకుంటారు. ఇప్పుడు పిల్లలు నేర్చుకునేది అదే మాయని కంప్యూటర్లో చేయడం. ఆకుపచ్చ గుడ్డ ముందు మనిషిని నిలబెట్టి తీస్తారు. మనిషి ఒంటిరంగులో ఆ పచ్చ వుండదు. కాబట్టి పచ్చ వున్నచోటల్లా తీసెయ్యమంటే కంప్యూటర్ గుడ్డని తీసేసి మనిషిని మిగులుస్తుంది. వెనక హిమాలయమైనా పెట్టుకోవచ్చు. కథానాయిక చిలకపచ్చ చీర కడితే చీర కూడా మాయమైపోతుంది, అప్పుడు నీలం గుడ్డ వాడతారు. గుడ్డ లేకుండా తీసిన చోట మనిషి అంచుని ఒక్కో ఫ్రేములో విడివిడిగా గీసి కత్తిరించాలి. దీన్ని రోటో అంటారు. మాక్స్ ఫ్లైషర్ అనే ఆయన వంద ఏళ్ళ కిందట రోటోస్కోప్ అనే పరికరానికి పేటెంటు తీసుకున్నాడు, ఆ పేరే నిలిచింది. బియ్యంలో మట్టిగడ్డలు ఏరే ఓపిక కావాలి దీనికి.

ఆ తర్వాత విడివిడి ముక్కల్ని అతకాలి. మనిషి మీద ఎండ ఎడమవైపునుంచి పడి, కొండమీద కుడివైపునుంచి పడితే, ఎందుకో చెప్పలేకపోయినా ప్రేక్షకుడికి దొంగపని అనిపిస్తుంది. నీడలు, రంగులు, అంచులు కలిపి అతుకు కనపడకుండా చేయడమే కంపోజిటింగ్.

ఇంట్లో పేచీలు వచ్చేది ఇక్కడే. పని పూర్తయ్యాక కంప్యూటర్ ఒక్కో ఫ్రేమునీ తయారుచేసుకుంటుంది. రెండరింగ్ అంటారు. ఒక ఫ్రేముకి 5 నిమిషాలు పట్టిందనుకోండి. 10 సెకన్ల దృశ్యానికి 240 ఫ్రేములు, అంటే 20 గంటలు. పిల్ల పడుకుని కంప్యూటర్ వెలుగుతోందని మనం కరెంటు దండగని స్విచ్చి కట్టేస్తే, జరుగుతున్న ఆ పని మధ్యలో ఆగిపోతుంది. చీటీ అంటించి వుంటే ముట్టుకోకండి. కరెంటు పోయే ఊరైతే యు.పి.ఎస్. తప్పదు.

మరి డబ్బు సంగతి. ఉత్తరం రాసిన చెల్లెలికి అసలు బెంగ అదేగా. ఉద్యోగం ఖాయమని ఎవరు చెప్పినా నమ్మకండి. ఈ రంగం ఎగుడుదిగుళ్ళది. హైదరాబాదులో కూడా శాఖ వున్న రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని సృష్టించింది. 2013 ఫిబ్రవరిలో ఆ పనికి ఆస్కార్ అందుకుంది. అదే నెలలో దివాలా పిటిషన్ పెట్టింది! 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ మూతపడినప్పుడు బెంగుళూరులో ఎంతోమంది పిల్లలు ఒక్కసారిగా ఇంటికొచ్చేశారు. రోటోలాంటి పనుల్లో కొంత ఇప్పుడు యంత్రమే చేసేస్తోంది. అందుకని గబగబా ఒక సాఫ్ట్‌వేరు నేర్పి పంపించే కోర్సుకంటే, బంతి దగ్గర రెండు నెలలు కూర్చోబెట్టే కోర్సునే నేను నమ్ముతాను. సాఫ్ట్‌వేర్లు మారతాయి, బంతి పడే తీరు మారదు.

ఉద్యోగానికి మార్కుల కాగితంకంటే ముందు అడిగేది షోరీల్. పిల్ల చేసిన మంచి పనుల్ని కూర్చిన ఒకటి రెండు నిమిషాల వీడియో. కాబట్టి రెండో ఏడు ఫీజు కట్టేముందు అమ్మా నాన్నా ఇద్దరూ కాలేజీకి వెళ్ళి, కిందటేడు బయటికెళ్ళిన పిల్లల షోరీళ్ళు చూపించమనండి. చూపించడానికి వెనకాడితే ఆలోచించుకోవాల్సిందే. ఇచ్చేది యూనివర్సిటీ డిగ్రీయా, సంస్థ సొంత సర్టిఫికెట్టా అన్నది కాగితం మీద చూడండి. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్ డిగ్రీ వుంది, ప్రవేశపరీక్ష రాయాలి. ఇక సాఫ్ట్‌వేరు కొనాలని వేలకి వేలు అడిగితే, బ్లెండర్ అనేది ఉచితంగా దొరుకుతుందని గుర్తుంచుకోండి. లాత్వియా దేశంవాళ్ళు దానితోనే ‘ఫ్లో’ అని ఒక పిల్లి కథ తీశారు. అందులో ఒక్క మాట కూడా లేదు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది.

ఆయన్ని కూడా ఒక సాయంత్రం పిల్ల పక్కన కూర్చోబెట్టండి. మొదటి వారం గీసిన బంతినీ, ఇప్పటి బంతినీ పక్కపక్కన వేసి చూపించమనండి. ఏది నిజం బంతిలా వుందో ఆయనే చెబుతారు. ఫీజు మాట ఆ తర్వాత ఎత్తండి.

ఇంకొక్క చిన్న మాట. పిల్ల ఆకుపచ్చ గుడ్డ అడిగితే మెరిసే పట్టు, శాటిన్ ఇవ్వకండి, కాంతి తిరగగొడుతుంది. నూలుగుడ్డ చాలు. ఇచ్చేముందు ముడతల్లేకుండా ఇస్త్రీ చేయండి. ముడతపడిన చోట నీడ పడుతుంది, ఆ నీడపచ్చని కంప్యూటర్ వేరే రంగనుకుని వదిలేస్తుంది. దాన్ని చేత్తో చెరపడానికి పిల్ల తెల్లవార్లూ కూర్చోవాలి.