పసుపు కాదు... ఇది చెరుకు బేరం!

అమెరికాలో నవంబరు వచ్చిందంటే చాలు... చేతిలో ఉన్న ఆటగాణ్ని ఇచ్చేయాలా, అట్టే పెట్టుకోవాలా అని తలలు పట్టుకునేవాళ్లు లక్షల్లో ఉంటారు. ఆఫీసు స్నేహితులతో కలిసి ‘ఫాంటసీ ఫుట్‌బాల్’ లీగుల్లో చేరిన తెలుగువాళ్లకూ అదే తిప్పలు. ఆ చిక్కుముడి విప్పాలంటే డల్లాస్ దాకా వెళ్లక్కర్లేదు. బోధన్ చెరుకు రైతును అడిగినా చెబుతాడు!

ఇలా ఊహించుకోండి. ఆదివారం రాత్రి పదిన్నర. బోధన్‌లో ఓ మేనమామ భోంచేసి నడుం వాల్చబోతుండగా ఫోను మోగింది. అవతల డల్లాస్‌లో ఉండే మేనల్లుడు. అక్కడ అప్పుడు ఉదయం పదకొండు.

‘‘ఏందిరా అల్లుడా, ఈ యాళప్పుడు ఫోను? అంతా మంచిదేనా?’’

‘‘మంచిదే మామా. ఒక మనిషిని అమ్మాల్నా, ఉంచుకోవాల్నా అని పరేశాన్‌ల ఉన్న.’’

మామ లేచి కూర్చున్నాడు. అల్లుడు అమెరికా పోయి ఏం పని చేస్తున్నాడో ఇన్నాళ్లూ సరిగా అడగనే లేదాయె!

కంగారేం లేదు. అల్లుడు అమ్మాలనుకుంటున్నది కాగితం మీద మనిషిని. అయినా ఆ బెంగ మాత్రం నిజం. గంటలో మ్యాచులు మొదలవుతాయి, వారంలో బేరాలకు గడువు ముగుస్తుంది.

ఇంతకీ ఏమిటీ ఆట?

ఇది నిజామాబాద్ అమ్మాయి గుగులోతు సౌమ్య ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. సెప్టెంబరులో మొదలై జనవరి మొదటి వారాల దాకా 18 వారాలపాటు లీగ్ దశ సాగుతుంది.

దాని మీద అల్లుకున్న ఆటే ఫాంటసీ. పదిమందో పన్నెండుమందో స్నేహితులు ఒక లీగు పెట్టుకుంటారు. సీజనుకు ముందు వంతులవారీగా అసలు ఆటగాళ్లను పంచుకుంటారు. ఒకరికి దక్కినవాడు ఇంకొకరికి దక్కడు. మైదానంలో వాళ్లు ఎంత బాగా ఆడితే కాగితం మీద మనకు అన్ని పాయింట్లు. వారానికో ప్రత్యర్థితో పోటీ. నచ్చితే ఆటగాళ్లను మార్చుకోవచ్చు కూడా.

దీనికి ఆద్యుడు బిల్ వింకెన్‌బాక్. ఓక్లాండ్ రైడర్స్ జట్టులో వాటాదారు. 1962లో జట్టుతో పాటు న్యూయార్క్ వెళ్లినప్పుడు ఓ హోటల్లో కూర్చుని మిత్రులతో కలిసి ఈ నిబంధనలు రాశాడు. మరుసటి ఏడాది మొదటి లీగు మొదలైంది. అప్పట్లో పెన్ను, కాగితం, సోమవారం పేపర్... అంతే సరంజామా!

భారమంతా రెండు కాళ్ల మీదే

ఈ ఆటలో అందరికన్నా గిరాకీ ‘రన్నింగ్ బ్యాక్’కి. క్వార్టర్‌బ్యాక్ చేతికిచ్చిన బంతిని తీసుకుని, ఎదురుగా గోడలా నిలబడ్డవాళ్లను ఛేదించుకుంటూ పరుగెత్తడం అతని పని. సాధారణంగా పది గజాలు పరుగెత్తితే ఒక పాయింటు, బంతిని గీత దాటిస్తే ఆరు. కొన్ని లీగుల్లో పాస్ అందుకున్నా ఒక పాయింటు కలుస్తుంది.

గిరాకీ ఎందుకంటే కరువు కాబట్టి. ఒక్కో ఫాంటసీ జట్టు వారం వారం ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లను దించాలి. పన్నెండు జట్లంటే 24 మంది. అసలు లీగులోనేమో ఉన్నవే 32 జట్లు. వాటిలో కొన్ని పనిని ఇద్దరు ముగ్గురికి పంచేస్తాయి. పైగా మ్యాచుకు పదిహేను ఇరవైసార్లు భారీకాయుల కింద నలిగే ఉద్యోగం. నవంబరు నాటికి ఎవరి మోకాలో, ఎవరి మడమో మొరాయించకుండా ఉండదు.

అందుకే ఈ బేరాన్ని పసుపు బేరంలా చూడకూడదు. పసుపైతే ధర లేనప్పుడు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, నిజామాబాద్ యార్డులో రేటు పెరిగేదాకా ఆగొచ్చు. కోసిన చెరుకు అలా కాదు. మిల్లు చేరడం ఆలస్యమయ్యే కొద్దీ తూకం తగ్గుతుంది, పంచదార రికవరీ పడిపోతుంది. సీజను చివర్లో రన్నింగ్ బ్యాక్ కోసిన చెరుకే. రేటు వచ్చినప్పుడు ఇస్తావా, నీ గానుగలోనే ఆడించుకుంటావా... తేల్చుకోవాల్సింది ఇప్పుడే!

పాత పాయింట్లు కొనొద్దు

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. జాబితాలో పైనున్నవాణ్ని చూసి ఎగబడతారు. కానీ ఆ పాయింట్లు పోయిన వారాలవి. అవి ఎవరి ఖాతాలో పడ్డాయో అక్కడే ఉంటాయి. బేరంతో మీకు దక్కేది రాబోయే వారాలే.

ఉదాహరణకు ఇద్దరున్నారనుకుందాం. మొదటివాడు పోయినవారం తొమ్మిదిసార్లు బంతి అందుకుని 35 గజాలు పరుగెత్తాడు, కానీ రెండుసార్లు గీత దాటించాడు. మొత్తం 15.5 పాయింట్లు. రెండోవాడు ఇరవైసార్లు అందుకుని 80 గజాలు పరుగెత్తాడు, నాలుగు పాస్‌లు పట్టి మరో 30 గజాలు తెచ్చాడు. ఒక్కసారీ గీత దాటలేదు. పాస్ పట్టినందుకు అదనపు పాయింటు లేని లీగులో అతనికి దక్కేది 11.

ఎవర్ని తీసుకోవాలి? పండిన ఆటగాళ్లు రెండోవాణ్నే అడుగుతారు. గీత దాటడంలో అదృష్టం పాలు ఎక్కువ. బంతి ఎన్నిసార్లు చేతికొచ్చిందన్నది కోచ్ నమ్మకానికి గుర్తు. అదృష్టం వారం వారం మారుతుంది. నమ్మకం అంత తొందరగా మారదు.

ఇంకో కిటుకు. గెలుస్తున్న జట్టు మ్యాచు చివర్లో గడియారం కరిగించడానికి బంతిని రన్నింగ్ బ్యాక్ చేతికే ఇస్తుంది. వెనకబడిన జట్టు తొందరగా స్కోరు చేయాలని పాస్‌లకు దిగుతుంది. కాబట్టి ఆటగాడితో పాటు అతని జట్టు దశ కూడా చూడాలి.

మొక్క తోట... కార్శి తోట

వయసు సంగతేమిటి? చెరుకులో మొక్క తోట దిగుబడి వేరు, కార్శి తోటది వేరు. రెండు మూడు కార్శిలు దాటాక సాధారణంగా దిగుబడి పడిపోతుంది. రన్నింగ్ బ్యాక్ కూడా అంతే, 28 ఏళ్లు దాటాడంటే అనుమానంగా చూస్తారు.

అయితే నేల బాగుంటే కార్శి కూడా మొక్క తోటను మించి పండొచ్చు! 2024 సీజనులో డెరిక్ హెన్రీ కొత్తగా బాల్టిమోర్ రావెన్స్‌కి మారాడు. 30 ఏళ్ల వయసులో 1,921 గజాలు పరుగెత్తాడు. అదే ఏడాది న్యూయార్క్ జెయింట్స్ వదులుకున్న సాక్వాన్ బార్క్‌లీ ఫిలడెల్ఫియా ఈగల్స్‌లో చేరి 2,005 గజాలు పరుగెత్తాడు. ఆ జట్టు సూపర్ బౌల్ కూడా గెలిచింది. ముందు నిలబడి దారి చేసేవాళ్లు గట్టివాళ్లయితే కాళ్లకు వయసు గుర్తుకు రాదన్నమాట.

ఇదే హెన్రీ 2018లో నేర్పిన పాఠం మరొకటుంది. ఆ ఏడాది మొదటి 12 మ్యాచుల్లో కలిపి అతను చేసింది 474 గజాలే. నిరాశపడ్డవాళ్లు బెంచీ మీద కూర్చోబెట్టారు, కొందరు వదిలేశారు. డిసెంబరు 6న జాక్సన్‌విల్‌పై ఒక్క మ్యాచులోనే 238 గజాలు, నాలుగు టచ్‌డౌన్‌లు! అందులో ఒకటి 99 గజాల పరుగు. చివరి నాలుగు మ్యాచుల్లో 585 గజాలు. చాలా లీగుల్లో కిరీటం తేలే వారాలవే మరి.

ముందు మీ స్థానం చూసుకోండి

ఒకే బేరం ఒకరికి వరం, ఇంకొకరికి శాపం. చాలా లీగుల్లో నవంబరు మధ్య నుంచి నెలాఖరులోగా మార్పిడికి గడువు ముగుస్తుంది. 15, 16, 17 వారాల్లో నాకౌట్ పోటీలుంటాయి.

మీరు పట్టికలో పైనుంటే, నాకౌట్‌కు వెళ్లడం ఖాయమైతే... ఈ వారం గురించి బెంగొద్దు. ఆ మూడు వారాల్లో ఎవరికి బలహీనమైన ప్రత్యర్థులున్నారో చూసి అలాంటివాణ్నే అడగండి. చిన్న గాయంతో రెండు వారాలు కూర్చున్నవాడు చవగ్గా దొరికినా మంచిదే.

మీరు అంచు మీద వేలాడుతుంటే... ఆ భోగం మీకు లేదు. ఈ ఆదివారం గెలిస్తేనే డిసెంబరు. ఒక పెద్ద ఆటగాణ్నిచ్చి ఇద్దరు నికార్సైనవాళ్లను తెచ్చుకోండి. పైనున్నవాడికి కావాల్సింది నాణ్యం, మీకు కావాల్సింది సంఖ్య. ఇద్దరికీ లాభం కలిగే బేరమంటే ఇదే.

స్టెప్నీ మాత్రం మరిచిపోవద్దు. మీ రన్నింగ్ బ్యాక్ పడిపోతే అతని స్థానంలో దిగే రెండోవాడు ఎవరి దగ్గరున్నాడు? బేరంలో చివరి మాటగా ‘‘వాణ్ని కూడా కలపండి’’ అని అడిగితే తరచూ ఉచితంగానే వస్తాడు. స్టెప్నీ లేకుండా ఘాట్ రోడ్డెక్కేవాడు ఉండడుగా!

ఇక పద్దెనిమిదో వారాన్ని నమ్ముకోకూడదు. 2024 సీజను చివరి మ్యాచునాటికి బార్క్‌లీకి ఇంకో 101 గజాలు చాలు, 1984లో ఎరిక్ డికర్సన్ నెలకొల్పిన 2,105 గజాల రికార్డు బద్దలయ్యేది. అయినా ఈగల్స్ అతనికి విశ్రాంతినిచ్చింది. జట్టుకు ముఖ్యం సూపర్ బౌల్. మన కాగితం మీది లెక్కలతో వాళ్లకేం పని?

నిజం బేరాలు చెప్పే నిజాలు

ఆటగాళ్ల మార్పిడి కాగితానికే పరిమితం కాదు. 1989 అక్టోబరులో డల్లాస్ కౌబాయ్స్ తమ ప్రధాన రన్నింగ్ బ్యాక్ హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటా వైకింగ్స్‌కి ఇచ్చేసింది. ‘ఈ ఒక్కడొస్తే కప్పు మాదే’ అనుకున్న వైకింగ్స్ బదులుగా ఆటగాళ్లనూ, కొత్తవాళ్లను ఎంచుకునే హక్కులనూ గుట్టగా పోసింది. కౌబాయ్స్ ఆ సీజనులో గెలిచింది ఒక్క మ్యాచే. కానీ అలా వచ్చిన హక్కుల సాయంతో మరుసటి ఏడాది ఎమ్మిట్ స్మిత్‌ను దక్కించుకుంది. 1993, 1994, 1996 జనవరుల్లో సూపర్ బౌల్‌లు గెలిచింది. స్మిత్ కెరీర్‌లో చేసిన 18,355 గజాలు ఇప్పటికీ రికార్డే. వైకింగ్స్ మాత్రం వాకర్‌తో సూపర్ బౌల్ ముఖం చూడలేదు.

కొన్నవాడు ప్రతిసారీ మునుగుతాడనుకోవద్దు. 2022 అక్టోబరు 20న శాన్‌ఫ్రాన్సిస్కో 49యర్స్ నాలుగు ఎంపిక హక్కులిచ్చి క్రిస్టియన్ మెకాఫ్రీని తెచ్చుకుంది. వచ్చిన కొత్తలో ఒక మ్యాచు ఓడింది. ఆ తర్వాత లీగ్ దశలో మిగిలిన పది మ్యాచులూ గెలిచింది! తేడా ఒక్కటే... వాళ్లకు కావాల్సిందేమిటో వాళ్లకు తెలుసు.

స్నేహం పోగొట్టుకునే బేరమొద్దు

చివరగా అన్నిటికన్నా పెద్ద ప్రమాదం గురించి. అది ఓడిపోవడం కాదు. రేసులోంచి తప్పుకున్నవాడు తన మంచి ఆటగాళ్లను దగ్గరి దోస్తుకు ఊరికే ధారపోస్తే దాన్ని కుమ్మక్కంటారు. లీగు నడిపేవాడు ఆ బేరాన్ని రద్దు చేయొచ్చు. ఆ తర్వాత సోమవారం క్యాంటీన్‌లో ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి కదా! ఆటగాడి గాయం కబురు ముందే తెలిసి, తెలియని స్నేహితుడికి అంటగట్టినా అంతే. ఒక వారం గెలుస్తారు. మరుసటి ఏడాది మీతో బేరానికి ఎవరూ రారు.

డబ్బు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తెలంగాణలో 2017లోనే పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ వర్తించేలా అలాంటి చట్టమే చేసింది. ఇక్కడి కుర్రాళ్లు సరదాకు ఉచితంగా ఆడుకుంటే చాలు. చేతి చమురు వదిలించుకోవద్దు.

మళ్లీ బోధన్ ఫోను దగ్గరికి వద్దాం. అల్లుడు చెప్పిందంతా విని మామ ఏమంటాడు? 1937లో నిజాం కాలంలో ఏర్పడి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడటం కళ్లారా చూసినవాడు. మరో మిల్లుకు చెరుకు తోలడమంటే ఏమిటో తెలిసినవాడు. బహుశా ఇలాగే అంటాడు:

‘‘అల్లుడా, నాకు నీ ఆట తెల్వదు గానీ... గేటు తెరిచున్నప్పుడే బండి తోలాలె. మూసినంక చెరుకు ఎంత తియ్యగుంటే ఏం లాభం? నీకు ఏ నెలల అక్కెరనో చూసుకో. ఇచ్చేటోనికి కూడా ఇంత మిగలనియ్యి. మల్లా ఏడాది వాని కాడికే పోవాలె గద!’’

అల్లుడు ఫోను పెట్టేసి బేరం పంపిస్తాడు. మామ పడుకుంటాడు. కాకపోతే పడుకునే ముందు ఓ ప్రశ్న మిగిలే ఉంటుంది... ‘‘ఇంతకీ ఆ ఉరికే పోరడు మంచిగున్నడా? కాళ్లు నొస్తలేవు గద!’’